జాయ్‌స్టిక్ తీసెయ్యమనే వారికి, మిసైల్ బటన్ ఏదని అడిగే వారికి



ఇది పెద్ద పోస్టు. ఓపిక లేనివారు ఇక్కడే ఆపి గుడ్ మార్నింగ్ బొమ్మలు పంపుకోవచ్చు. మొన్నటి మీటింగులో నాకు మాట్లాడడానికి రెండు నిమిషాలు ఇచ్చారు, అందులో ఒకటిన్నర నిమిషం మైకు సరిచెయ్యడానికే పోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నాది తమిళ మీడియం చదువు. తెలుగు మా ఇంటి భాషే గాని బళ్లో నేర్చుకున్నది కాదు. అక్షరాలు రైల్వేలో చేరాక స్టేషన్ బోర్డులు చూసి కూడబలుక్కున్నవి. తప్పులుంటే దిద్దండి, విషయాన్ని మాత్రం పక్కకు నెట్టకండి.

విషయం మీకు తెలిసిందే. మన హాలు వెనక గదిలో కుర్రాళ్లు పెట్టుకున్న కంప్యూటరు, దానికి తగిలించిన జాయ్‌స్టిక్కు. డబ్బు వాళ్లే తలా కొంత వేసుకున్నారు. సంఘం ఇచ్చింది గది, కరెంటు. ఇప్పుడు ఒక వర్గం "అది వీడియో గేము, తీసెయ్యాలి" అంటోంది. ఇంకో వర్గం, అంటే ఆ కుర్రాళ్లలోనే సగం మంది, "పాఠాలు వద్దు తాతగారూ, నేరుగా ఆకాశంలో పెట్టండి, పేల్చుకుంటాం" అంటోంది. పైకి ఈ ఇద్దరికీ పడదు. నన్నడిగితే ఇద్దరిదీ ఒకటే అభిప్రాయం. ఇద్దరూ దాన్ని తుపాకీ బొమ్మ అనుకుంటున్నారు. ఒకరికి ఆ బొమ్మ వద్దు, ఒకరికి కావాలి, అంతే తేడా.

నాది మూడో మాట. ఆ మిషను ఉండాలి. దాని ముందు కూర్చున్నవాడు ముందు జాయ్‌స్టిక్కు తన చేత్తో తానే సెట్ చేసుకోవాలి. తర్వాత విమానాన్ని పార్కింగు నుంచి రన్‌వే దాకా నేల మీద నడిపించి చూపించాలి. అది అయ్యేదాకా ఎవరికీ ఆకాశం లేదు.

"వేగన్ల లెక్క రాసుకున్న మీకు విమానాలెందుకండీ" అన్నారు ఒక పెద్దమనిషి. నిజమే, నేను గుమాస్తానే, ఇంజను నడపలేదు. కానీ ముప్పై ఏళ్లు యార్డు పక్కన కూర్చున్నాను. షంటింగుకి గంటకు 15 కిలోమీటర్లు దాటకూడదని రూలు. మెయిలు బండి దూసుకుపోతుంటే జనం నోరు తెరిచి చూస్తారు. డ్రైవరు పనితనం తెలిసేది అక్కడ కాదు, షంటింగులో. నిలబడి ఉన్న వేగనుకి దెబ్బ తగలకుండా ఇంకో వేగన్ని తెచ్చి కలిపినవాడు డ్రైవరు. విమానానికి టాక్సీయింగు అంటే అదే పని. తమిళంలోనూ తెలుగులోనూ 'నిదానం' అనే మాట ఒకటే ఉంది. మన దగ్గర మెల్లగా అనే అర్థం ఎక్కువ, అక్కడ తొణక్కుండా ఉండడం అనే అర్థం ఎక్కువ. టాక్సీయింగుకి రెండూ కావాలి.

ఇంతకీ మనం ఏ ఊళ్లో ఉన్నాం? మిగ్-21ని మన దేశంలోనే తయారు చెయ్యాలని సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగినప్పుడు హెచ్‌ఏఎల్ పనిని మూడు చోట్లకు పంచారు. విమానం నాసిక్‌లో, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజను ఇక్కడ మన కొరాపుట్ డివిజన్లో. డివిజన్ 1964లో మొదలైంది. మిగ్-21 ఎఫ్‌ఎల్‌కి ఆర్-11, బిస్ రకానికి ఆర్-25, మిగ్-27కి ఆర్-29, మిగ్-29కి ఆర్‌డీ-33, ఇప్పుడు సుఖోయ్-30కి ఏఎల్-31ఎఫ్‌పీ. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ 26,000 కోట్లకు పైగా రూపాయలకు 240 సుఖోయ్ ఇంజన్లు ఈ ఊరి నుంచే కావాలని ఒప్పందం రాసుకుంది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి ట్రంకు పెట్టెతో ఘాటెక్కి వచ్చిన మన పెద్దవాళ్లు ఎవరి దగ్గర పని చెయ్యడానికి వచ్చారనుకున్నారు? ఆ ఇంజన్ల దగ్గరే.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పారు. 1963లో వాయుసేనలో చేరిన విమానం. ఆ రోజు టీవీ ముందు కళ్లు తుడుచుకున్న వాళ్లను మన కాలనీలోనే చూశాను. బ్లేడు పక్కన మైక్రోమీటరు పెట్టి కొలిచిన చేతులవి. కానీ ఇంజను పెట్టెకెక్కి ఊరు దాటిపోయేది. అది బిగించిన విమానం నేల మీద ఎలా నడుస్తుందో, ఎలా తిరుగుతుందో ఆ మనిషి చూడలేదు. ఇప్పుడు ఆ విమానమే లేదు. వెనక గదిలో కుర్రాళ్లు పెట్టుకున్న డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటరులో మాత్రం మిగ్-21 బిస్ ఉంది, దాని లోపల ఆర్-25 ఉంది. తాత చేసిన ఇంజనుని మనవడు స్టార్ట్ చెయ్యగలిగే చోటు ఈ ఊళ్లో ప్రస్తుతానికి ఆ గది ఒక్కటే. దాన్ని మీరు "గేము" అని తీసేస్తారు, వాళ్లేమో రన్‌వే కూడా చూడకుండా మిసైల్ బటను అడుగుతారు.

ఇక జాయ్‌స్టిక్ సంగతి. ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే తీసెయ్యమనే వాళ్లలో ఒక్కరు కూడా దాని ముందు పది నిమిషాలు కూర్చోలేదు.

కొత్త జాయ్‌స్టిక్ తగిలించగానే ఈ సిమ్యులేటరు దానికి తనంతట తానే పనులు పంచేస్తుంది. ముందుకీ వెనక్కీ అంటే ముక్కు కిందికీ పైకీ, పక్కలకి అంటే రెక్కలు వాల్చడం, మెలి తిప్పితే తోక చుక్కాని, పక్కనున్న స్లైడరు అంటే ఇంజను. ఒక్క జాయ్‌స్టిక్కే ఉంటే పరవాలేదు. దాని పక్కన విడిగా థ్రాటిల్‌గాని, కాళ్లకి పెడల్స్‌గాని తగిలించారో, వాటిక్కూడా అవే పనులు మళ్లీ పంచేస్తుంది. పెడల్‌కి వేళ్ల దగ్గర బ్రేకు ఉంటుంది కదా, దాన్ని తీసుకెళ్లి ముక్కు పైకెత్తే పనికీ కలుపుతుంది. అప్పుడు ఏమవుతుంది? పిల్లవాడు కాలితో బ్రేకు నొక్కుతాడు, విమానం తోక కదులుతుంది. ఒకే లైను మీదికి ఇద్దరు స్టేషన్ మాస్టర్లు బండి పంపినట్టు. కుర్రాడు "జాయ్‌స్టిక్ పాడైంది" అని పక్కన పడేస్తాడు. పాడవలేదు. కంట్రోల్స్ పేజీ తెరిచి, ప్రతి యాక్సిస్ వరసలో ఒక్క పరికరం మాత్రమే ఉంచి మిగతావి చెరిపెయ్యాలి. పైగా ఇది విమానం విమానానికీ వేరు. సుఖోయ్-25కి చేసిన సెట్టింగు మిగ్-21కి రాదు, మళ్లీ మొదటినుంచీ చెయ్యాలి.

తర్వాత డెడ్ జోన్. కర్ర మధ్యలో ఉన్నప్పుడు కూడా లోపలి పరికరం కొంచెం వణుకుతూ ఉంటుంది, పాతబడిన కొద్దీ ఎక్కువవుతుంది. మధ్యలో కాస్త మేర కదలికని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పడమే డెడ్ జోన్. మెలి తిప్పే యాక్సిస్‌కి రెండు మూడు చాలు. మన కుర్రాళ్లు 15 పెట్టారు, "ఇప్పుడు తిన్నగా పోతోంది" అన్నారు. తిన్నగా ఎందుకు పోదు, మీరు చెప్పేది అది విననే వినడం లేదు కదా! కారే పంపుకి గుడ్డ చుట్టి నీళ్లు ఆగాయన్నట్టుంది. కర్వ్ అనేది వేరు. కర్ర మధ్యలో మెత్తగా, చివరికి పోయే కొద్దీ గట్టిగా పనిచేసేటట్టు వంపు ఇవ్వడం. మన దగ్గరున్నది పొట్టి కర్ర, అసలు విమానంలోది పొడుగు కర్ర. పొట్టి దానికి ఆ మెత్తదనం కావాలి కాబట్టి ముక్కుకీ రెక్కలకీ 15 దాకా ఇచ్చుకోవచ్చు. ఇంజనుకీ బ్రేకుకీ ఇవ్వకూడదు. సాచురేషన్ తగ్గించే వాళ్లు కూడా ఉన్నారు, దాన్ని తగ్గిస్తే పెడల్ చివరిదాకా పోదు, విమానం మలుపు తిరగదు.

ఇంకొకటి. కొన్ని థ్రాటిళ్లు తలకిందులుగా పనిచేస్తాయి. లివరు మీ వైపుకి లాగితే ఇంజను అరుస్తుంది. దానికి ఇన్వర్ట్ అని ఒక చిన్న గడి ఉంది, టిక్కు పెడితే అయిపోతుంది. ఇవన్నీ సరిగ్గా పడ్డాయా లేదా చూడడానికి విమానంలో కూర్చున్నాక కుడి కంట్రోలూ ఎంటరూ కలిపి నొక్కండి. ఒక మూల చిన్న ఎర్ర గళ్ల పటం వస్తుంది. కర్ర కదిపితే అందులో గుర్తు కదులుతుంది. మీరు చెయ్యి తీసేసినప్పుడు గుర్తు నడిమధ్యన నిలబడిందా? మీ పని అయింది. నిలబడలేదా, ఇంజను ముట్టుకోవద్దు.

యాక్సిస్‌కి తెలుగేమిటి, అచ్చ తెలుగులో రాయండి అని ఒకాయన సలహా. యాక్సిస్‌ని యాక్సిస్ అనే రాస్తాను మాస్టారూ. 'అక్షం' అని రాస్తే ఐటీఐ చదివిన కుర్రాడు కూడా నిఘంటువు వెతుక్కోవాలి.

ఇప్పుడు నేల మీద నడక. నేర్చుకునేవాడు ఉచితంగా వచ్చే సుఖోయ్-25 టీ తో మొదలుపెట్టవచ్చు, దానికి ముందు చక్రం పెడల్‌తో తిరుగుతుంది, సుళువు. మిగ్-21 అట్లా కాదు. దాని ముందు చక్రానికి స్టీరింగ్ లేదు. కుర్చీ చక్రంలాగా ఎటు తోస్తే అటు తిరిగే చక్రం. మరి మలుపు ఎలా? కర్రకే బ్రేకు లివరు ఉంటుంది, సైకిలు బ్రేకులాగా వేళ్లతో నొక్కాలి. లోపల పనిచేసేది నూనె కాదు, ఒత్తిడి పెట్టిన గాలి. పెడల్స్ రెండూ సమానంగా ఉంటే ఆ గాలి రెండు వెనక చక్రాలకీ సమానంగా పోతుంది, విమానం ఆగుతుంది. ఎడమ పెడల్ నొక్కి లివరు పిండితే గాలి ఎడమ చక్రానికి పోతుంది. అది ఆగుతుంది, కుడి చక్రం పోతూనే ఉంటుంది, ముక్కు ఎడమకి తిరుగుతుంది. మన ఇంజనీర్లు బ్రిటిష్ వాళ్ల స్పిట్‌ఫైర్ పేరు విని ఉంటారు, దాంట్లోనూ ఇదే పద్ధతి, గాలి బ్రేకు, కర్ర మీద లివరు.

రైల్వే వాళ్లకి గాలి బ్రేకు గురించి చెప్పనక్కర్లేదు. నొక్కగానే పట్టదు, వదలగానే వదలదు, ముందుగా ఆలోచించి వెయ్యాలి. ఇంజను కూడా అంతే. జెట్ ఇంజను కారు కాదు. లివరు తోశాక అది వేగం అందుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. కుర్రాడు లివరు కొంచెం తోస్తాడు, విమానం కదలదు. ఇంకొంచెం తోస్తాడు, కదలదు. ఇంకా తోస్తాడు. అప్పుడు మూడు తోపులూ ఒకేసారి వస్తాయి, తొమ్మిది టన్నుల విమానం పక్కనున్న దాని మీదికి పోతుంది. చెయ్యవలసింది ఏమిటంటే, ఒక్కసారి కొంచెం తోసి ఆగాలి. చక్రం కదిలిన క్షణంలో లివరు వెనక్కి తెచ్చెయ్యాలి. కదిలిందంటే తర్వాత ఐడిల్‌లోనే పోతూ ఉంటుంది.

వేగం చూసుకుందామంటే స్పీడు మీటరు అంత తక్కువ వేగాన్ని చూపించదు. అది గాలి ఒత్తిడితో పనిచేసే మీటరు, నేల మీద నడకకి దానికి గాలి చాలదు. మిగ్‌లో మీటర్లూ కిలోమీటర్లే, అమెరికా విమానాల్లోలాగా అడుగులూ నాట్లూ కావు, మనకి అదొక హాయి. కానీ టాక్సీయింగులో ఆ హాయి కూడా దొరకదు. తల పక్కకి తిప్పి నేల మీది గీతలు ఎంత వేగంగా వెనక్కి పోతున్నాయో చూసి అంచనా వెయ్యాలి. కంప్యూటరు ముందు కూర్చున్నవాడికి ఒంటికి కుదుపు తెలియదు కాబట్టి ఇది ఇంకా కష్టం. గంటకు 50 పోతూ 15 పోతున్నాననుకుంటాడు. మలుపుకి ముందే వేగం తగ్గాలి, మలుపులో కాదు. మలుపు అయ్యాక నాలుగు గజాలు తిన్నగా పోనిచ్చి అప్పుడు ఆపాలి, లేకపోతే ముందు చక్రం వంకరగా నిలబడిపోయి మళ్లీ కదిలేటప్పుడు విమానం పక్కకి లాగుతుంది. బ్రేకుకి విడిగా యాక్సిస్ లేనివాడు, బటను మీద పెట్టుకున్నవాడు, దాన్ని పట్టి ఉంచకూడదు. బటను అంటే పూర్తి బ్రేకే. చిన్న చిన్నగా తట్టాలి, తట్టి వదిలి తట్టి వదిలి. మృదంగం నేర్చుకుంటున్న మన పిల్లలు ఈ పని మిగతావాళ్ల కంటే తొందరగా పట్టుకున్నారు. సంగీతం క్లాసుకి గది చాలడం లేదని ఇదే మీటింగులో గొడవ పడ్డవాళ్లకి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇవన్నీ కలిపి చేస్తూ, టవరు చెప్పిన దారి ఏదో, బోర్డు మీద అక్షరం ఏదో చూసుకుంటూ రన్‌వే చివర్లో తిన్నగా నిలబెట్టాలి. ఇది "ఏం లేదు, ఊరికే నడపడం" అనే వాళ్లు ఒక సంగతి వినండి. 2001 అక్టోబరు 8న ఇటలీలో మిలాన్ లినాటే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు. ఒక చిన్న సెస్నా జెట్ టాక్సీ చేస్తూ ఒక దారికి బదులు ఇంకో దారి పట్టి రన్‌వే మీదికి వచ్చేసింది. అదే సమయానికి పైకి లేవబోతున్న పెద్ద విమానం దాన్ని గుద్దింది. 118 మంది పోయారు. నేల మీద నడకలో ఒక్క మలుపు. డిసెంబరు తెల్లవారుజామున మన ఊళ్లో ఎదురింటి గేటు కనపడదు. మంచులో దారి తప్పడం ఎంత తేలికో వేరే ఊరి వాళ్లకి చెప్పాలిగాని మనకి చెప్పాలా?

ఇక తీసెయ్యమనే వాళ్ల వాదనలు. పిల్లల కళ్లు పాడవుతాయట. ఆదివారం రెండు గంటల సంగతి ఇది. ఫోన్లో రీళ్లు చూసే ఆరు గంటల సంగతి ఏ మీటింగులోనూ రాలేదు. చదువు పోతుందట. డెడ్ జోన్ అర్థం చేసుకున్న పిల్లవాడికి గ్రాఫు అర్థమయింది. ఇంతకంటే ఆ విషయం మీద రాయను.

యుద్ధం నేర్పుతోందన్న వాదన మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. అది చెప్పిన అక్కగారు గట్టి మనిషి, ఆమె భయంలో అర్థం ఉంది. అక్కా, ఆ సిమ్యులేటరు యుద్ధ విమానాలదే, దాచేది లేదు. ఈ ఊరి అన్నం కూడా ఆ విమానాలదే. అందుకే అంటున్నాను, పిల్లవాడికి మొదట దొరికేది ట్రిగ్గరు కాకూడదు. ఇప్పుడు జరుగుతున్నది అదే. గాలిలోనే మొదలయ్యే మిషన్ పెట్టుకుని, తలుపు తెరవగానే పేల్చడం. మిషను తీసేస్తే వాళ్లు ఇంట్లో ఫోన్లో అదే చేస్తారు, పక్కన పెద్దవాళ్లు ఉండరు. నా షరతు పెడితే మొదటి నెల అంతా బ్రేకు, పెడల్, పసుపు గీత. మీ అభ్యంతరానికి జవాబు నా షరతులోనే ఉంది, మిషను తీసెయ్యడంలో లేదు.

కుర్రాళ్లకి కూడా ఒక మాట. "అసలు పైలట్లు ఇంత కష్టపడరు తాతగారూ" అన్నాడు ఒకడు. హైదరాబాదు పక్కన దుండిగల్ అకాడమీలో ఒక్క రోజు ఉండి వచ్చి చెప్పమనండి. సిమ్యులేటరు అనేదే ఆటగా పుట్టలేదు. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన, వాళ్ల నాన్నగారి ఆర్గన్ వాయిద్యాల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు, ఆ వాయిద్యాల గాలి తిత్తులనే వాడి కదిలే కాక్‌పిట్ పెట్టె చేశాడు. మొదట్లో దాన్ని ఎగ్జిబిషన్ల వాళ్లు వినోదానికే ఎక్కువ కొన్నారు. 1934లో అమెరికా సైన్యం టపా మోసే పని నెత్తికెత్తుకుని, వాతావరణం బాగాలేనప్పుడు పైలట్లను వరసగా పోగొట్టుకున్నాక, అప్పుడు వెళ్లి ఆ పెట్టెలు కొన్నది. మన రైల్వేలో కూడా లోకో పైలట్లకి సిమ్యులేటరు మీద శిక్షణ ఉంది. దాంట్లో ఎవరూ బండిని నేరుగా నూరు కిలోమీటర్ల స్పీడులో మొదలుపెట్టరు.

దీనివల్ల మీకు వాయుసేన ఉద్యోగం రాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. దానికి పరీక్షలు వేరు, కళ్ల పరీక్ష వేరు. ఎవరైనా తల్లిదండ్రులకి ఆ ఆశ చూపించి చందా అడిగితే నేనే అడ్డు పడతాను.

వచ్చే జనరల్ బాడీలో నా తీర్మానం ఇది. గది ఉంటుంది. కరెంటు సంఘానిది. గోడ మీద జాయ్‌స్టిక్ సెట్టింగుల కాగితం తెలుగులో అంటిస్తాను, రాయడం అయింది, జిరాక్సు ఖర్చు నాది. ప్రతి కుర్రాడికీ పేరు మీద ఒక రిజిస్టరు. యాక్సిస్ సెట్టింగు తానే చేశాడా, పార్కింగు నుంచి రన్‌వేకి గడ్డిలోకి దిగకుండా మూడుసార్లు వెళ్లాడా, తేదీ, సంతకం. రిజిస్టరు నేను రాస్తాను, అది నాకు చేతనైన పని. సంతకం మాత్రం ఫ్యాక్టరీలో రిటైరైన వాళ్లు ఎవరైనా పెట్టాలి. ఇద్దరు ఇప్పటికే సరేనన్నారు. వాళ్లలో ఒకరు ఆర్-25 స్టార్టయిన చప్పుడు స్పీకర్లో విని, చప్పుడు సరిగ్గా లేదని అరగంట వాదించారు.

వద్దని ఓటు వెయ్యదలచుకున్న వాళ్లు ఆదివారం పదింటికి గదికి రండి. మిగ్-21ని షెడ్డు ముందు నుంచి రన్‌వే దాకా ఒక్కసారి తీసుకెళ్లండి. ఆ తర్వాత వెళ్లి ఓటు వెయ్యండి. టీ ఉంటుంది.